యాభై నాలుగు నిమిషాలు ముందు

"ప్రయాణికురాలు ఒక్కరే. సీటు నంబరు పద్నాలుగు. ఇవాళ నాలుగూ పదికి దిగుతుంది. విమానం దిగి మన కారెక్కే లోపల ఆమెని మాయం చెయ్యాలని ముఠా చూస్తోంది. మనం ఇంటికి చేర్చాలి. అడిగేదేమైనా ఉంటే అడుగు."

పెద్దాయన బ్రీఫింగు ఎప్పుడూ ఇంతే. ఆయన టెలిగ్రాములో మాట్లాడతాడని, ఉత్తరంలో నవ్వుతాడని ఆఫీసులో చెప్పుకునేవారు.

టైము పన్నెండున్నర. మూడో అంతస్తు. కింద వీధిలోకి కనబడే బోర్డు మీద సముద్ర రవాణా బీమా కార్యాలయం అని ఉంటుంది. ఆ బోర్డు నమ్మి లోపలికొచ్చి ఓడకి బీమా అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. గోడ నిండా ప్రపంచ పటం, దాని పక్కన టైపు కొట్టిన దూరాల పట్టిక. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అన్నీ అందులో ఉంటాయి. పెద్దాయన వేలు ఒక వరస మీద ఆగింది. పన్నెండు వేల తొమ్మిది వందల అరవై కిలోమీటర్లు. పదిహేను గంటల పది నిమిషాలు. మధ్యలో ఎక్కడా ఆగదు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకి ఆ పట్టికతో పనిలేదు. యాభై రెండేళ్ళ మనిషి. సర్వీసులో ఇరవై నాలుగేళ్ళు. ఏ రెండు ఊళ్ళ పేర్లు చెప్పినా మధ్య దూరం, ప్రయాణం పట్టే కాలం, అక్కడ ఇప్పుడు టైమెంత అనేది కళ్ళు మూసుకుని చెప్పగలడు. అందుకే అందరూ అతన్ని గడియారం అంటారు. ఆరేళ్ళుగా ఆ పేరు వినబడినప్పుడల్లా అతను కాలర్ సర్దుకుంటాడు. అది అలవాటనుకున్నారు అందరూ.

"ఎవరు సార్ ఆవిడ?" అని అడిగాడు.

"పిట్ట."

గడియారం చెయ్యి కాలర్ దగ్గరికి వెళ్ళింది.

మిగతాది పెద్దాయన చెప్పుకుపోయాడు. పిట్ట వాళ్ళ కొరియర్. సన్నగా, చురుగ్గా, ఏ గుంపులోంచైనా జారిపోయే పిల్ల. ఆరేళ్ళ కిందట ఇదే విమానాశ్రయంలో, ఇదే దారిన వచ్చిన విమానం దిగి, విదేశీ ముఠా చేతికి చిక్కింది. పోయిందనే అనుకున్నారు. మూడు వారాల కిందట ఆ దేశంలో ముఠా ఇంట్లోంచి తప్పించుకుని మన ఎంబసీ తలుపు తట్టింది. వస్తూ వస్తూ ఒక ఉత్తరం పట్టుకొచ్చింది. మన మనుషుల్లోనే ఒకరు నెలకోసారి ముఠాకి రాసే ఉత్తరాల్లో అదొకటి. సంతకం లేదు, కానీ చేతిరాత ఉంది. దాన్ని ఎంబసీ వాళ్ళకి కూడా చూపించలేదు. పెద్దాయన చేతిలో తప్ప పెట్టనంది. ఆమె పంపిన వైరులో చివరి వాక్యం విచిత్రంగా ఉంది: ఉత్తరం ఇంకా మంచి వాసన వేస్తోంది.

"ఇంకొకటి," అన్నాడు పెద్దాయన. "తనని కలవడానికి నిన్నే పంపమంది. పేరు పెట్టి అడిగింది."

ప్లాను మామూలే. నలుగురు మనుషులు మూడుంబావుకి బయల్దేరి మూడూ యాభైకి విమానాశ్రయంలో ఉంటారు. అంతకంటే ముందు వెళ్తే కొత్త మొహాలు హాల్లో తచ్చాడుతున్నాయని తెలిసిపోతుంది. కోడ్ వర్డ్ పట్టికలోని దూరమే. మనవాళ్ళు కిలోమీటర్ల లెక్క చెబుతారు, ఆమె 'నడిచొస్తే ఇంకా ఎక్కువ' అంటుంది. విమానం టైము అత్తరు ఖాయం చేసింది.

అత్తరు అంటే విమానాల కంపెనీలో గ్రౌండ్ ఆఫీసు ఇన్‌చార్జి. ఆమె కారిడార్లో నడిచిన అరగంట తరవాత కూడా ఎటు వెళ్ళిందో గాలి చెబుతుంది కాబట్టి ఆ పేరు. ఖరీదైన చీర, నీలం రాళ్ళ చెవిపోగులు, ఎవరితో మాట్లాడినా ప్రపంచంలో వాళ్ళొక్కరే ఉన్నట్టు చూసే చూపు. తొమ్మిదేళ్ళుగా ఆ విమానాశ్రయంలో సర్వీసుకి చెవి ఆమే. విమానం ఆలస్యమైనా తొందరపడ్డా ఆ కబురు ముందు ఆమె ఆఫీసుకే వస్తుంది. అక్కణ్ణించే పెద్దాయనకి ఫోను.

"ఒక విమానం, ఒక సోర్స్," అన్నాడు పెద్దాయన. "టవర్‌కి ఫోన్ చెయ్యొద్దు. ఆ స్విచ్‌బోర్డు ఆవిడ ఆఫీసు మీదుగానే పోతుంది, మధ్యలో ఎవరు వింటారో తెలీదు. పోయినసారి ఒక గాలి లెక్కలాయన్ని నమ్ముకుని పిట్టని పోగొట్టుకున్నాం. చాలు."

గడియారం లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిపి తలుపు వైపు నడిచాడు.

*

ఆరేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అతని భార్య పోయి అప్పటికి ఏడాదిన్నర. ఇంట్లో రెండో కప్పు అలమారాలోనే ఉండిపోయి దుమ్ము పట్టింది. అలాంటి రోజుల్లో విమానాశ్రయం రెస్టారెంట్లో అత్తరు ఎదురుగా కూర్చుని, "మీరు నవ్వితే పదేళ్ళు తగ్గుతారు, ఎందుకు దాచుకుంటారు?" అంది. అతను నవ్వాడు. ఇంకో కాఫీ చెప్పింది. విమానం దిగడానికి ఇంకా గంటపైన ఉంది.

అప్పుడే ప్యూను వచ్చి చేతిలో చీటీ పెట్టాడు. ఆఫీసు వాతావరణం గదిలో పనిచేసే గాలి మాస్టారు పెన్సిలుతో రాసిన చీటీ. 'నలభై ఏడు నిమిషాలు ముందు దిగుతుంది. వెంటనే గేటు దగ్గరికి వెళ్ళండి.'

చదివాడు. అర్థమైంది. కానీ అత్తరు ఏదో కథ మధ్యలో ఉంది. మధ్యలో లేస్తే బాగుండదనిపించింది. ఈ ఒక్క మాటా అయ్యాక లేద్దామనుకున్నాడు. ఆ తరవాత ఇంకో మాట. ముసలాయన లెక్క ఎప్పుడూ అతిగానే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. చీటీ మడిచి సాసరు కింద పెట్టాడు. ముప్పావుగంటకి లేచి హాల్లోకి వెళ్ళేసరికి ప్రయాణికులందరూ వెళ్ళిపోయారు. ఒక కుర్చీ మీద పిట్ట స్కార్ఫ్ ఉంది. పిట్ట లేదు. హాలు ఊడ్చే ఆవిడ చెప్పింది, ఒక చిన్నావిడ చాలాసేపు వాచీ చూసుకుంటూ కూర్చుందని, తరవాత ఇద్దరు మగవాళ్ళు ఏదో కిలోమీటర్ల సంగతి చెబితే నవ్వి లేచి వెళ్ళిందని.

అతను తిరిగి రెస్టారెంటుకి వెళ్ళి సాసరు కింది చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం రిపోర్టులో రెండు మాటలు రాశాడు. 'సమాచారం అందలేదు.'

ఆ రెండు మాటలకి గాలి మాస్టారిని వాతావరణం గదిలోంచి తీసి కింద సెల్లార్లో పాత ఫైళ్ళ దగ్గర పడేశారు. అత్తరు మీద ఎవరికీ అనుమానం రాలేదు. వస్తే గడియారానికే రావాలి. తనని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కాఫీ కాదని అతనికి ఎప్పుడో తెలుసు. కానీ ఆమె గురించి చెప్పాలంటే తన గురించి చెప్పాలి. అందుకని తెలియనట్టే ఉన్నాడు. ఆరేళ్ళు, నెలకో ఉత్తరం చొప్పున, ఆమె రాసుకుంటూ పోయింది.

ఇప్పుడు ఆ ఉత్తరాల్లో ఒకటి వస్తోంది. వాసనతో సహా.

రెండో అంతస్తు మెట్ల మలుపులో అతను ఆగాడు. పిట్ట చేరితే అత్తరు బయటపడుతుంది. అత్తరు బయటపడితే కాఫీ సంగతి చెబుతుంది. చేరకపోతే... ఆ ఆలోచన అతని తలలో ఒక్క మెట్టు దిగేంతసేపు ఉంది. అంతకంటే ఎక్కువ లేదు. కానీ ఉంది. ఆ ఒక్క మెట్టు సంగతి అతను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

దిగడం మానకుండా సెల్లార్ దాకా వెళ్ళాడు. తలుపు ముందు నిలబడి కొట్టడానికి చెయ్యెత్తి దించేశాడు. వీధిలోకి వెళ్ళి ఆ చుట్టుపక్కలే నడిచాడు. మళ్ళీ వచ్చి తలుపు తట్టేసరికి రెండు కావడానికి పదిహేను నిమిషాలుంది.

*

గాలి మాస్టారు ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చే నెల రిటైర్మెంటు. ఆయన తల మీద పేవ్‌మెంటు ఎత్తున చిన్న కిటికీ. అందులోంచి నడిచేవాళ్ళ పాదాలు, బట్టల అంచులు తప్ప ఏమీ కనిపించవు.

"రండి నాయనా," అన్నాడు, లేస్తూ. "బయట గాలి పడమటి నుంచి. అంచులన్నీ ఇటు కొట్టుకుంటున్నాయి, చూశారా? మనిషి మొహాలు లేకపోతే లెక్క తేలిగ్గా ఉంటుంది."

స్టూలు తుడిచి అతనికే ఇచ్చాడు. తను ఫైళ్ళ కట్ట మీద కూర్చున్నాడు. గడియారం కూర్చోలేకపోయాడు. నిలబడే, విమానం ఎక్కడినుంచి ఎక్కడికో, ఎప్పుడు బయల్దేరిందో చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. మాస్టారు అడగలేదు.

బల్ల కిందినుంచి పాత గ్లోబు తీశాడు. ఒక చోట అతుకు, ఒక మహాసముద్రం మీద ఇంకు మరక. జేబులోంచి కుట్టుదారం తీసి ఆ ఊరి మీద ఒక కొసని, ఈ ఊరి మీద రెండో కొసని బొటనవేళ్ళతో నొక్కిపెట్టాడు.

"బిగించి లాగితే పన్నెండు వేల తొమ్మిది వందల అరవై. మన పట్టిక తప్పు కాదు. కానీ ఇవాళ ఏ పైలట్టూ ఈ దారం మీద పోడు."

వదులు చేసి దారాన్ని కాస్త కిందికి జరిపాడు. అక్కడ, పదకొండు కిలోమీటర్ల ఎత్తున, ఈ వారమంతా ఒక గాలి నదిలా పారుతోందట. వాతావరణ ఆఫీసులో ఆయన తమ్ముడి కోడలు ఉంది. రోజూ పొద్దున్నే ఫోన్లో ఆయనకి పైగాలి అంకెలు చదివి వినిపిస్తుంది. కొందరికి రేడియో, నాకిది, అన్నాడు మాస్టారు. తనని వాతావరణం గదిలోంచి తీసేశారని ఆ పిల్లకి ఇంతవరకూ చెప్పలేదట.

"ఈ దారి పదమూడు వేల రెండు వందలు. రెండు వందల నలభై ఎక్కువే. అయితేనేం, గాలి వెనకనుంచి తోస్తుంది. సగటున గంటకి డెబ్భై ఎనిమిది. విమానం సొంత స్పీడు తొమ్మిది వందలు. కలిపి చూడండి."

గడియారం కలిపి చూశాడు. గాలి లేకపోతే పట్టిక దూరానికి పద్నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఈ దారిలో పదమూడున్నర గంటలు. ఎక్కడం, దిగడం, నేలమీద నడవడం రెంటికీ ఒకటే. తేడా యాభై నాలుగు నిమిషాలు.

"మూడూ పదహారు," అన్నాడు.

"మూడూ పదహారు. కావాలంటే దిగేముందు కెప్టెనే మైకులో చెబుతాడు వినండి, ఇంత దూరం ఎగిరాం, ఇంత ముందొచ్చాం అని. వాళ్ళకదో సరదా. లోపలున్న ప్రతివాడికీ తెలుస్తుంది. బయటున్నవాడికే తెలీదు."

మూడూ పదహారు అంటే మనవాళ్ళ కారు అప్పుడే ఆఫీసు గేటు దాటుతుంటుంది. పిట్ట ఆ హాల్లోకి రెండోసారి ఒంటరిగా నడిచొస్తుంది.

గడియారం తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మాస్టారూ, అప్పటి చీటీ..."

"తెలుసు నాయనా. ప్యూను ఆ సాయంత్రమే చెప్పాడు, మీ చేతికే ఇచ్చానని."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

మాస్టారు దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు. "చెబుదామనే పైకి బయల్దేరాను. మీరు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆ మొహం చూశాక కాళ్ళు రాలేదు. మర్నాడు మీరే చెబుతారులే అనుకున్నాను." దారం చుట్ట వేలినుంచి తీశాడు. "తరవాత మర్నాళ్ళు చాలా వచ్చాయనుకోండి."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండునని గడియారానికి అనిపించింది.

*

పెద్దాయన మొదట నవ్వాడు. రెండు వందల నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి, దాదాపు గంట ముందు వస్తుందా? చుట్టూ తిరిగితే తొందరగా వస్తామంటే రేపటినుంచి నేనూ ఇంటికి రేవు మీదుగా వెళ్తానన్నాడు. తరవాత ఆ లెక్క ఎవరిదో విని నవ్వాపేశాడు. ఫోనెత్తి అత్తరుతోనే మాట్లాడాడు. రిసీవరు గడియారం వైపు కాస్త తిప్పి పట్టుకున్నాడు.

"నాలుగూ పదేనండీ," అంది ఆ తియ్యటి గొంతు. "ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. మా గడియారం గారు వస్తున్నారా? కాఫీ చెప్పి ఉంచుతాను."

పెద్దాయన ఫోను పెట్టేశాడు. "విన్నావుగా. తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కసారి తప్పు చెప్పలేదు. ఈయన అసలు అవసరమైన రోజున కబురే పంపలేదు. ఎవర్ని నమ్మమంటావు?"

గడియారం పర్సు తీశాడు. లోపలి అరలోంచి, నాలుగు మడతల దగ్గరా చిరుగు పట్టిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. పెన్సిలు రాత వెలిసిపోయింది, కానీ చదవొచ్చు. మూలన గుండ్రంగా కాఫీ మరక, సాసరు అంచు కొలత.

"పంపారు సార్. నాకు అందింది. చదివాను. లేవలేదు."

ఇంకేదో కలుపుదామని చూశాడు. భార్య సంగతి, ఆ రోజుల సంగతి. ఏదీ కలపలేదు. అత్తరు ఎదురుగా ఉందనీ, ఆ ముప్పావుగంటా ఆమే కూర్చోబెట్టిందనీ, ఉత్తరం వాసన ఎవరిదో వైరు సంగతి వినగానే తెలిసిందనీ మాత్రం చెప్పాడు. చెబుతుంటే చెవులు కాలాయి. మూడో తరగతిలో పలక దొంగిలించి దొరికిపోయినప్పుడు కాలినట్టు.

పెద్దాయన చీటీని చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆయన్ని కిందికి పంపిన ఆర్డరు మీద సంతకం నాది," అన్నాడు. "పిలిచి ఒక్క మాట అడగలేదు." తరవాత వాచీ చూశాడు. రెండూ ఇరవై ఐదు. "అందర్నీ పోగుచేసి బయల్దేరేసరికి నాకు ఇంకో అరగంట. దారిలో ముప్పై ఐదు నిమిషాలు. నువ్వు ముందు పో. నిన్ను తిట్టడానికి ఇప్పుడు తీరిక లేదు. సాయంత్రం కూర్చుని తిడతాను."

గడియారం తలుపు తీశాడు. పెద్దాయన వెనకనుంచి పిలిచాడు. "ఇన్నేళ్ళూ దీన్ని పారెయ్యలేదేం?"

"పారేస్తే నిజంగానే అందనట్టవుతుందని భయమేసింది సార్."

*

సామాన్ల గదిలో ఇచ్చిన పెన్ను ఒకటి అతని జేబులో ఉంది. మీట నొక్కితే మత్తు సూది ఎగిరి ఎనిమిది అడుగుల్లో మనిషిని పడగొడుతుందని చెప్పారు. మోటారు సైకిలు కుదుపులకి దారిలోనే అది ఇంకు కక్కేసింది. చొక్కా ఎడమవైపు నీలంగా తడిసింది. ఆయుధాల సంగతి అక్కడితో అయిపోయింది.

మూడూ నాలుగుకి విమానాశ్రయం హాల్లో అడుగుపెట్టాడు. రాకపోకల బోర్డు మీద నాలుగూ పది అనే ఉంది. ఎదురుచూసేవాళ్ళు కాళ్ళు చాపుకుని తీరిగ్గా కూర్చున్నారు. ఒకావిడ స్వెట్టరు అల్లుతోంది. అత్తరు కౌంటరు దగ్గర లేదు.

పక్క గేటులోంచి విమానాల వైపు వెళ్ళాడు. మెట్ల బండి ఇంజను ఆన్ చేసి ఉంది. లారీ మీద మెట్లు నిలబెట్టినట్టుండే బండి అది. విమానం తలుపుకి ఆనించి మనుషుల్ని దింపుతారు. డ్రైవరు బొద్దుగా ఉన్న మనిషి, తలగుడ్డ దులుపుకుంటున్నాడు. టవరు ఇప్పుడే కబురు చేసిందన్నాడు, ఇంకో పది నిమిషాల్లో దిగుతుందట. మేడమ్‌గారు కూడా వస్తున్నారట. లోపల ఎవరికో ఒంట్లో బాలేదని డాక్టర్ని, అంబులెన్సునీ తెస్తున్నారు.

గడియారం కార్డు చూపించాడు. నోటితో చెప్పింది తక్కువ. డ్రైవరు కార్డు చూసి, అతని చొక్కా మీది నీలం మరక చూసి, జాలిపడ్డట్టు తన ఖాకీ కోటు, టోపీ విప్పి ఇచ్చాడు.

"రివర్స్ గేరు మొండిదన్నా. ఒక్కసారికి పడదు. క్లచ్చి రెండుసార్లు తొక్కు. దానికి మర్యాద కావాలి."

విమానం మూడూ పద్దెనిమిదికి వచ్చి ఆగింది. గడియారం మెట్ల బండిని తలుపుకి ఆనించాడు. అంబులెన్సు మెట్ల కింద ఆగింది. అందులోంచి తెల్లకోటు మనిషి దిగాడు, మడత కుర్చీ చంకలో పెట్టుకున్నాడు. అతని వెనక అత్తరు. డ్రైవరు క్యాబిన్ పక్కనుంచే వెళ్ళి అతనితో పాటు మెట్లెక్కింది. టోపీ కింది మొహం వైపు చూడలేదు. ఆమె మెట్ల బండి డ్రైవర్ల మొహాలు చూసే మనిషి కాదు. ఆమె వాసన మాత్రం క్యాబిన్లోకి వచ్చి కూర్చుంది.

పైన తలుపు తెరుచుకుంది.

క్యాబిన్ కిటికీలోంచి తల పూర్తిగా బయటపెడితే గాని పైమెట్టు కనబడదు. చూశాడు. తలుపు చట్రంలో ఎయిర్ హోస్టెస్, ఆమె పక్కన చిన్న ఆకారం. జుట్టు సగం నెరిసింది. ఆరేళ్ళలో ఇరవై ఏళ్ళు గడిచినట్టుంది. రెండు చేతులతో సంచిని గుండెకి హత్తుకుని ఉంది.

అత్తరు అంత పైనుంచి కూడా ఎంతో ఆప్యాయంగా చెప్పింది. "పన్నెండు వేల తొమ్మిది వందల అరవై."

"నడిచొస్తే ఇంకా ఎక్కువ," అంది పిట్ట. ఒక కాలు ముందుకి వేసింది. మడమ ఇంకా విమానంలో ఉంది, వేళ్ళు మెట్ల మీదికి వస్తున్నాయి. తెల్లకోటు మనిషి ఆమె మోచేతి కోసం చెయ్యి చాపాడు. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. అందులో సిరంజి. అది కిందున్నవాడికే కనిపిస్తుంది.

బండి కదిలిస్తే పిట్ట మధ్యలో పడిపోతుంది. కదపకపోతే సూది. పిలవాలి. గడియారం నోరు తెరిచాడు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? ఆరేళ్ళు తనతో తనే అనుకున్న క్షమాపణలన్నీ ఒకేసారి గొంతుకి అడ్డంపడ్డాయి. వాటినన్నిటినీ తోసుకుని చివరికి ఒక అంకె బయటికొచ్చింది.

"పదమూడు వేల రెండు వందలు, పిట్టా! చెప్పింది పాత లెక్క!"

పిట్ట కాలు గాలిలో ఆగిపోయింది. అరగంట కిందటే కెప్టెన్ మైకులో ఆ అంకె చెప్పాడు. ఇంత పొడుగు దారిలో యాభై నిమిషాలకి పైగా ముందు వచ్చామని మురిసిపోయాడు కూడా. ఎదురుగా మంచి వాసన వేస్తున్న మనిషిని ఆమె ఒక్కసారి చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

తెల్లకోటు ముందుకి దూకాడు. గడియారం క్లచ్చి తొక్కి గేరు లాగాడు. గరగరమంది, పడలేదు. మర్యాద కావాలన్నాడు డ్రైవరు. రెండోసారి మెత్తగా తొక్కాడు. పడింది.

మెట్ల బండి ఒక్క కుదుపుతో వెనక్కి జరిగింది. విమానానికీ పైమెట్టుకీ మధ్య రెండడుగులు, అయిదు, పన్నెండు. తెల్లకోటు మనిషి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వేలాడాడు. సిరంజి కింద సిమెంటు మీద పడి పగిలింది. ఎయిర్ హోస్టెస్ పిట్టని లోపలికి లాక్కుని, ఇలాంటివి రోజూ చూస్తున్నట్టు తలుపుకి పట్టీ అడ్డంగా తగిలించింది. కింద అంబులెన్సు అంతా చూసి, చల్లగా గేటు వైపు వెళ్ళిపోయింది. గేటు దగ్గర పెద్దాయన జీపుకి ఎదురుపడింది.

బండిని విమానానికి దూరంగా నిలిపి తాళంచెవి జేబులో వేసుకుని గడియారం దిగాడు. ఆ మెట్ల కింద నిలబడ్డాడు. పైన, రెండు మేడల ఎత్తున, అత్తరు చీర గాలికి కొట్టుకుంటోంది. గాలి ఇంకా పడమటి నుంచే. ఆమె కిందికి చూసి, అంతలోనే తేరుకుని, మునుపటిలాగే నవ్వింది.

"గడియారం గారూ, ఇవాళ కాఫీ తాగరా?"

"అప్పటిదే ఇంకా అవలేదమ్మా," అన్నాడతను.

*

పిట్టని ఇంకో మెట్ల బండి తెప్పించి దింపారు. ఉత్తరం పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన చేతిరాత చూశాడు, కవరు వాసన చూశాడు, పైమెట్టు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళు ఆమె చెప్పిన ప్రతి నిమిషాన్నీ రాసుకున్నవాడు ఆయనే.

జీపులో పెద్దాయన పక్కన గాలి మాస్టారు వచ్చాడు. ఆయన్ని సెల్లార్లోంచి స్వయంగా పెద్దాయనే వెళ్ళి పిలుచుకొచ్చాడట. గ్లోబు కూడా ఒళ్ళో ఉంది. దిగగానే మొహం గాలికి ఎదురుగా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తరవాత పెద్దాయన దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మూడూ పద్దెనిమిదికి దిగిందటగా సార్. నేను పదహారన్నాను. చివర్లో ఎదురుగాలి కాస్త ఉంటుందని చూసుకోలేదు. రెండు నిమిషాలు తప్పాను. క్షమించాలి."

పెద్దాయనకీ గడియారానికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. పెద్దాయన బూటుతో నేల మీద ఏదో లేనిదాన్ని తుడిచాడు. రేపటినుంచి పాత గదిలోకి రమ్మన్నాడు. వచ్చే నెల రిటైరవుతున్నాను కదా సార్, అన్నాడు మాస్టారు. "ఆ నెల్లాళ్ళూ కిటికీ పక్కన కూర్చోండి," అన్నాడు పెద్దాయన, ఆర్డరులా కాదు, అడిగినట్టు.

కారులో ముందు సీట్లో మాస్టారు, వెనక గడియారం, పిట్ట. డ్రైవరు కారు తీశాడు. పిట్ట కిటికీలోంచి వీధుల్ని, దుకాణాల్ని, బస్సు ఎక్కేవాళ్ళని చూస్తోంది. ఒళ్ళో చేతులు సన్నగా ఉన్నాయి. మణికట్టు మీద పాత తాడు మచ్చ.

గడియారానికి ఇక ఆగడం కుదరలేదు. చెప్పాడు. చీటీ అందిందని, చదివానని, కాఫీ తాగుతూ కూర్చున్నానని, రిపోర్టులో అబద్ధం రాశానని. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగే అర్హత గురించి ఆలోచించేలోగా మాట అయిపోయింది.

"అంత దూరం పదిహేను గంటలు కూర్చుని వచ్చి, ఆ హాల్లో ఇరవై నిమిషాలు కూర్చున్నానన్నయ్యా," అంది పిట్ట చివరికి. "ఆ ఇరవై నిమిషాలే ఎక్కువ దూరం."

అతను తల ఊపాడు. ఇంకు మరక మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మరి నన్నే ఎందుకు రమ్మన్నావమ్మా? ఎవరు ద్రోహో తెలియకుండా?"

పిట్ట అతని వైపు తిరిగింది. ఆరేళ్ళ తరవాత మొదటిసారి ఆ మొహంలో పాత అల్లరి కాస్త కనబడింది.

"అక్కడ గదిలో వేరే పనేముంది? మనవాళ్ళందర్నీ వరసగా పెట్టుకుని ఆలోచించాను. పెద్దాయన కావచ్చు, మాస్టారు కావచ్చు, ఎవరైనా కావచ్చు. నువ్వు మాత్రం కాదని తేలింది." కిటికీ వైపు తిరిగిపోయింది. "వాళ్ళ మనిషివైతే టైముకి వచ్చేవాడివి."

ముందు సీట్లో గాలి మాస్టారు ఒక్కసారి దగ్గి, అద్దం కాస్త దించి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకున్నాడు.